కుడి చెవి లేదు

మాంసం మీద ముద్ర వెయ్యడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళు అదే చేశాను. మా బంధువులు పెళ్ళిళ్ళలో నన్ను కొత్తవాళ్ళకి పరిచయం చేసేటప్పుడు "ఆరోగ్యశాఖలో గుమాస్తా" అని మెల్లిగా దాటించేవారు. నేనూ కాదనలేదు. కబేళా అన్న మాట వింటే విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు మొహం చిట్లించుకుంటారు. అదే విస్తరిలో కూర వడ్డిస్తే మాత్రం ఎవరూ చిట్లించుకోరు.

నేను ఆ పనిలో చేరింది పంతొమ్మిది వందల ముప్పైలలో. అప్పటికి నాకు పాతికేళ్ళు లేవు. మిషను బడిలో చదువుకుని, చేతిరాతకి బహుమతి తెచ్చుకుని, మా పేటలో మొదటి ఉద్యోగస్థుణ్ణి అయ్యాను. ఏలూరు ఊరి చివర, తమ్మిలేటి గట్టుకి ఇవతల, తాటాకు కప్పిన పొడుగాటి పాక మా కబేళా. పశువును నా బల్లకి ఎదురుగా రాతి స్తంభానికి కట్టేవారు. అది నావైపు చూస్తూ నిలబడేది, నేను దానివైపు చూస్తూ రాసేవాణ్ణి. రంగు, కొమ్ములు, చెవులు, వాతలు, మచ్చలు, ఎవరు తెచ్చారు, ఏ సంతలో కొన్నారు. ప్రతిదానికీ రిజిస్టరులో ఒక గడి ఉండేది. తెచ్చినవాడి దగ్గర గ్రామ మునసబు రాసిచ్చిన చీటీ ఉండాలి. చీటీలోని గుర్తులు ఎదుటి పశువుకి సరిపోవాలి. సరిపోతే లోపలికి పంపడం, కోశాక జబ్బ మీదా తొడ మీదా ఊదారంగు సిరాతో గుండ్రటి ముద్ర కొట్టడం. ఒలిచిన తోలుకి అదే నంబరు కొట్టిన రేకుబిళ్ళ కట్టేవారు. ముద్ర లేని మాంసం బజారులో కనబడితే లాక్కుపోయి పాతిపెట్టించేవారు.

ఆ ముద్రంటే నాకు మహా గర్వం. పట్నంలో ఉడుకుతున్న ప్రతి కూర వెనకా నా చేతిరాత ఉందనుకునేవాణ్ణి. కొట్టు దగ్గర జనం "ముద్ర ఉందాండీ?" అని అడిగి, ఆ ఊదారంగు చూసుకుని తృప్తిగా పట్టుకెళ్ళేవారు. అది ఎవరి గేదె, ఏ ఊరిది, ఎలా వచ్చింది అని అడిగినవాళ్ళు నా సర్వీసు మొత్తంలో ఒక్కరూ లేరు. రంగు పడితే చాలు, అనుమానం పోతుంది. వాళ్ళని తప్పుపట్టను. నాకూ అంతే.

మా నాన్న గేదెల కాపరి. కొల్లేటి అంచున, కైకలూరు వైపు, మా ఊరు. ఎండలు ముదిరి సరస్సు వెనక్కి తగ్గగానే బయటపడే పచ్చికలోకి నాలుగైదు ఊళ్ళ గేదెల్ని కలిపి ఒకే మందగా తోలుకుపోయేవాడు. వానలు పడి నీళ్ళు తిరిగి ఎక్కేదాకా ఆయన కాపురం అక్కడే. తుంగ, బురద, గేదెలు, ఆయన. అక్షరం ముక్క రాదు. కాని కళ్ళు మూసుకుని గిట్టల చప్పుడు విని ఏ గేదె ఎవరిదో చెప్పేవాడు. కాపరి ఎప్పుడూ మంద వెనకే నడుస్తాడు కదా, మీ నాన్నకి గేదెల మొహాల కంటే తోకలే బాగా తెలుసురా అని మా అమ్మ ఎగతాళి చేసేది. నన్ను కూడా చిన్నప్పుడు తోకల వెనకే నడిపించాడు. బడికి పంపాక ఆ నడక మర్చిపోయాను.

మంద ఉమ్మడిది గనక ప్రతి ఆసామికీ సొంత గాటు ఒకటి ఉండేది. దూడ పుట్టిన ఏడాదిలోపు చెవికి కత్తితో పెట్టే గుర్తు అది. ఒకరిది కుడి చెవికి రెండు గాట్లు, ఒకరిది ఎడమ చెవి కొనకి చీలిక, ఇంకొకరిది చెవి మధ్యన బెజ్జం. మందలో గేదె చస్తే కాపరి ఆ గాటున్న చెవిని కోసి, ఉప్పు రాసి, ఆసామి ఇంటికి తెచ్చి ఇవ్వాలి. అది మా వైపు కట్టుబాటు. ప్రాణం పోయాకే కొయ్యాలి. ప్రాణం ఉండగా కత్తి తాకించకూడదు. చెవి ఇచ్చాడంటే గేదె చచ్చిందని అర్థం, ఇంకో మాట ఉండదు. ఇవ్వలేదంటే అమ్ముకున్నాడని అర్థం. ఆ తరువాత ఆ కాపరికి ఎవరూ పాలు మరవని దూడనైనా అప్పగించరు.

మామూలు రోజుల్లో పెద్ద ఆసాముల వాకిట్లోకి మా పేటవాళ్ళు రాకూడదు. చెవి తెచ్చిన రోజు మాత్రం అరుగు దాకా రానిచ్చేవారు. తామరాకులో చుట్టిన చెవిని అరుగు అంచున పెట్టి రెండడుగులు వెనక్కి వెయ్యాలి. ఆసామి పుల్లతో తిప్పి, గాటు చూసుకుని "సరే" అనేవాడు. ఆ ఒక్క "సరే" కోసం మా నాన్న ఎంత దూరమైనా నడిచేవాడు. మాకు పొలం లేదు, పుట్ర లేదు. కొల్లేటి చుట్టూ ఆయనకి ఉన్నదల్లా ఆ నమ్మకం. ఆయన చెవి తెచ్చాడంటే చెవి కంటే ఆయన మొహమే ముందు నమ్మేవారు. దాన్ని పోగొట్టింది నేను. ఎలా పోగొట్టానో చెప్పడానికే ఇదంతా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏడు వానలు ముందే మొదలయ్యాయి. ఒక శుక్రవారం పొద్దున్న, తాడేపల్లిగూడెం సంతలో కొన్నానంటూ ఒక బేరగాడు గేదెను తెచ్చి స్తంభానికి కట్టాడు. నల్లది. వెనక్కి వంగిన కొమ్ములు. నుదుట తెల్లచుక్క. ఒక చెవి మొదలంటా తెగి ఉంది. నెత్తురు గడ్డకట్టి ఈగలు ముసురుతున్నాయి. చీటీలో చెవి సంగతి లేదు.

"ఇదేవిటయ్యా?" అన్నాను.

"ముళ్ళకంచెలో ఇరుక్కుందండి. నిన్న సంత నుంచి తోలుకొస్తుంటేనండి" అన్నాడు చేతులు నలుపుకుంటూ.

ముళ్ళకంచెకి తెగిన చెవి అంత నున్నగా తెగదు. ఆ మాత్రం నాకు తెలుసు, కాపరి కొడుకుని. ఆపి, మునసబుకి కబురు పంపి ఉండాల్సింది. కాని దాని వెనక ఇంకా ఎనిమిది పశువులు వరసలో ఉన్నాయి. కొట్లవాళ్ళు ఆలస్యమైపోతోందని నెత్తి మీద కూర్చున్నారు. 'కుడి చెవి లేదు' అని గడిలో రాసి లోపలికి పంపేశాను. కాసేపట్లో ముద్ర పడింది. మధ్యాహ్నానికి ఏలూరు దాన్ని తినేసింది.

శనివారం పని ముగించుకుని, కొల్లేటి దాకా నడిచి, దోనె ఎక్కి ఇంటికి వెళ్ళాను. నేను కాళ్ళు కడుక్కుంటుండగానే అమ్మ చెప్పింది.

"పెద్దింటివారి చుక్కగేదె ఊబిలో దిగిపోయిందిరా. పాపం, దున్నలా ఉండేది. మీ నాన్న గురువారం వెళ్ళి చెవి ఇచ్చొచ్చాడు."

పెద్దింటివారంటే మా ఊళ్ళో అందరికంటే పెద్ద ఆసామి. మందలో సగం గేదెలు ఆయనవే. ఆయన గాటు కుడి చెవికి రెండు.

అమ్మ ఇంకా చెబుతూనే ఉంది. బుధవారం గేదె మెడ దాకా దిగిపోయిందట. నాన్న తాటిపలక వేసుకుని దాని మీద బోర్లా పడుకుని, ఎండ నెత్తిన ఉన్నప్పటి నుంచి పొద్దు వాలేదాకా దాని తల పక్కనే ఉన్నాడట. ప్రాణం పోయాక చెవి కోశాడట. కోసిన కాసేపటికి తల కూడా మునిగిపోయింది. తోలు రాలేదు, కొమ్ము రాలేదు, చేతికందింది చెవి ఒక్కటే. దండెం మీద ఆయన పంచె ఆరేసి ఉంది. రెండుసార్లు ఉతికినా నల్ల బురద మరక పోలేదు. ఆ పంచెను నేను చూశాను. చూస్తూనే ఉన్నాను. కాని నా బుర్రలో తిరుగుతున్నది నా రిజిస్టరు. చుక్కగేదె. కుడి చెవి. బుధవారం చావు, గురువారం సంత, శుక్రవారం కబేళా.

మరునాడు పొద్దున్న గట్టు మీద వేపపుల్ల నములుతున్న నాన్న దగ్గరికి వెళ్ళాను.

"నాన్నా, ఆ గేదె నిజంగా చచ్చిందా?"

నమలడం ఆపాడు. "చెవి ఇచ్చాను కదరా."

"చెవి ఇచ్చావు. మిగతా గేదె ఏలూరు వచ్చింది. శుక్రవారం నేనే ముద్ర కొట్టాను. నల్లది, చుక్కది, కుడి చెవి లేనిది."

ఆయన నావైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. మందలో తగ్గిన గేదెను కళ్ళతో వెతుక్కున్నట్టు వెతుక్కున్నాడు నా మొహంలో.

"ఎటు నుంచి చూశావురా?" అన్నాడు చివరికి.

"ఎటు నుంచి చూస్తే ఏవిటి?"

"అదేరా. ముందు నుంచి చూశావా, వెనక నుంచా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. దొరికిపోయినవాళ్ళు ఇలాగే మాట తప్పిస్తారు, కబేళాలో బేరగాళ్ళతో నాకు రోజూ ఇదే బాగోతం. "గేదెకి ముందేవిటి, వెనకేవిటి? కళ్ళతో చూశాను, చేత్తో రాశాను. పుస్తకంలో ఉంది" అని అరిచాను.

పుస్తకం అనగానే ఆయన ఊరుకున్నాడు. వేపపుల్ల పారేసి, గట్టు దిగి, మొహం కడుక్కుంటూ ఉండిపోయాడు. ఆయనకి పుస్తకాలంటే రెండే, గుడిలో పాస్టరుగారి చేతిలో ఉండేది, చావడిలో మునసబుగారి ముందు ఉండేది. ఆ రెండింటితోనూ ఎన్నడూ వాదించి ఎరగడు. ఇప్పుడు కొడుకు మూడోది తెచ్చాడు.

ఆ విషయం అక్కడితో ఆపి ఉన్నా తండ్రీకొడుకుల మధ్య పోయేది. ప్రార్థన అయ్యాక పెద్దింటి ఆసామి కబురు పంపాడు, ఏదో ఇంగ్లీషు కాగితం వచ్చింది, చదివిపెట్టమని. వెళ్ళాను. వాకిట్లో నిలబడి చదవబోతుంటే "ఎంతసేపు నిలబడతావయ్యా, అలా అరుగు మీద కూర్చో" అన్నాడు. మా వంశంలో ఆ అరుగు మీద కూర్చున్నవాడు లేడు. కూర్చున్నాను. కాగితం చదివాను. మజ్జిగ కూడా ఇప్పించాడు, వేరే లోటాలోనే అనుకోండి. తరువాత మాటల్లో మాటగా అడిగాడు:

"అవునయ్యా, మీ కబేళాకి దొంగ గేదెలు కూడా వస్తాయంటావా?"

"వస్తాయండి" అన్నాను. అక్కడ ఆగలేదు. చుక్కగేదె సంగతి, తెగిన చెవి సంగతి, తేదీతో సహా చెప్పేశాను. మా నాన్న పేరు ఎత్తలేదు. ఎత్తనవసరం లేదు. నిజం చెప్పానని ఆ పూటంతా నన్ను నేనే మెచ్చుకున్నాను. నిజమూ లేదు, నా మొహమూ లేదు. అరుగు మీద కూర్చోబెట్టినవాడి ముందు గొప్పగా ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఆ కూర్చోబెట్టినందుకు నేను ఇచ్చుకున్నది మా నాన్నని.

ఆ వారంలోనే ఆసామి ఇద్దరిని వెంటబెట్టుకుని ఏలూరు వచ్చాడు. రిజిస్టరు తెరిచి చూపించాను. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. కు-డి-చె-వి-లే-దు. చదివి తల ఆడించాడు. "నీలాంటి కొడుకుండగా నీ తండ్రికి ఇదేం బుద్ధయ్యా" అన్నాడు. నేను తల వంచుకున్నాను. లోపల మాత్రం ఆ పొగడ్త బాగానే ఉంది. అది దాచడం ఎందుకు, బాగానే ఉంది.

ఆదివారం చావడి దగ్గర పెద్దలు కూర్చున్నారు. నాన్న ఎండలో నిలబడ్డాడు. గేదె దిగిన చోటు చూపిస్తాను రమ్మన్నాడు. అప్పటికి కొల్లేరు ఎక్కింది, ఆ చోట మనిషి లోతు నీళ్ళు. తోలేదీ అన్నారు. కొమ్మేదీ అన్నారు. చెవి కోసి ఇచ్చి గేదెను ప్రాణంతో బేరగాడికి తోలేశావు, నీ కొడుకు రాతే సాక్ష్యం అన్నారు. ఆయన ఒక్కసారి నావైపు చూశాడు. ఏదో చెబుతాడనుకున్నాను. పెదాలు కదిలాయి కూడా. మళ్ళీ ఆసామివైపు తిరిగాడు.

"చెవి ఇచ్చానండి. అంతకంటే ఇవ్వడానికి నా దగ్గర ఏవుందండి" అన్నాడు. అంతే. దుడ్డుకర్రను చావడి గోడకి ఆనించి వచ్చేశాడు. మంద ఇంకో ఊరి కాపరికి వెళ్ళిపోయింది. ఆసామి ఇంట్లో దాచిన ఆ చెవిని పాలేరు చేత దిబ్బ మీద పారేయించారని ఆ మాపటికే తెలిసింది.

అమ్మ ఆ రోజు నాకు అన్నం పెట్టింది గాని ఎదురుగా కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది. "ఊళ్ళో గేదెలన్నిటికీ వేసి, చివరికి మీ నాన్నకి కూడా వేశావురా నీ ముద్ర."

నెల తిరగలేదు. ఒక రోజు కబేళాకి వట్లూరు నుంచి ఒక రైతు వచ్చాడు. నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడాడు. అతని గేదెను దొడ్లోంచి ఎవరో తోలుకుపోయారట. సంతలన్నీ వెతుక్కుంటూ తిరుగుతున్నాడు.

"నల్లగేదెండి, నుదుట చుక్క ఉంటుందండి. ఎడం చెవి కొనకి చీలిక పెట్టాం. దొంగెదవలు ముందు చెవి కోసేస్తారు కదండీ, గాటు కనబడకుండా. అందుకని చెవి లేంది ఏదైనా వచ్చిందేవోనని..."

నా చేతిలో కలం ఆగింది. కాపరి చెవి కోసేది గేదె ఎవరిదో చెప్పడానికి. దొంగ కోసేది చెప్పకుండా ఉండటానికి. ఈ ముక్క నాకు తెలియక కాదు. నా బల్ల ముందు చెవి తెగిన గేదె నిలబడ్డ రోజున నేను దొంగ కోసం వెతకలేదు. మా నాన్నకి అంటగట్టాక ఇంక వెతకనవసరం లేకపోయింది.

అయినా ధైర్యంగానే రిజిస్టరు తిప్పాను. "ఒకటి వచ్చిందండి. కాని లేనిది కుడి చెవి. మీది ఎడమ అంటున్నారు. మీది కాదు."

"పోనీ తోలైనా ఒకసారి చూపిస్తారాండీ? తోలు చూస్తే గుర్తుపడతానండి. వీపు మీద కాలిన మచ్చ ఉంటుందండి."

అతని బాధ చూడలేక కాదు, నా మాట నిజమని చూపించడానికి తీసుకెళ్ళాను. తోళ్ళ గోదాము కబేళాకి వెనకే. ఉప్పు వేసి మడతపెట్టిన తోళ్ళ గుట్టలో మా రేకుబిళ్ళ నంబరు వెతికి, కూలీ ఒక తోలును లాగి, వెంట్రుకలు పైకి వచ్చేలా నేల మీద పరిచాడు. తోక గుమ్మం వైపు పడింది. మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం. అంటే తోక దగ్గర. మంద వెనక కాపరి నిలబడేచోట.

ఎడమవైపు చెవి లేదు. కుడివైపు చెవి ఉంది. నిండుగా, పసిపిల్ల చెవిలా, ఒక్క గాటు లేకుండా ఉంది.

వట్లూరు రైతు వీపు మీద మచ్చను వేలితో తడుముతూ "ఇదేనండి, ఇదేనండి" అంటున్నాడు. నాకు వినబడటం లేదు. స్తంభానికి కట్టిన పశువు నావైపు చూస్తుంటే నా కుడిచేతి వైపు కనబడ్డది దాని ఎడమ చెవి. చేరిన రోజు నుంచీ నేను అలాగే రాస్తున్నాను. నా ముందున్న గుమాస్తా అలాగే రాశాడు. బల్ల దగ్గర కూర్చున్నవాడి కుడే మా ఆఫీసులో కుడి. పెద్దింటివారి గేదె అయితే ఈ తోలుకి కుడి చెవి ఉండకూడదు. ఉన్నా రెండు గాట్లు ఉండాలి. కొల్లేటి చుట్టూ నుదుట చుక్క ఉన్న గేదెలు ఎన్ని లేవు! మా నాన్న అడిగింది సరిగ్గా ఇదే. ముందు నుంచా, వెనక నుంచా.

నేను వట్లూరు రైతుని ఏం చేశానో కూడా చెప్పాలి. మెత్తని మాటలతో సాగనంపాను. "సంతలో చీటీతో కొన్నదండి, బేరగాడు ఎవరో ఏవిటో, ఇప్పుడు ఫిర్యాదంటే మీరే పోలీసుల చుట్టూ తిరగాలండి" అన్నాను. అతను తోలువైపు ఒకసారి చూసి, "ముద్ర పడిపోయాక ఇంకేం ఉంటుందిలెండి" అని నాకే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అతను ఫిర్యాదు ఇస్తే ముందు అడిగేది నన్ను. పచ్చి గాయంతో, చీటీకి సరిపోని గేదెను ఎందుకు లోపలికి పంపావని. అది నాకు తెలుసు.

ఆ శనివారం ఇంటికి వెళ్ళేసరికి నాన్న ఇంటి వెనక చాప అల్లుతున్నాడు. మంద పోయాక తుంగ కోసుకొచ్చి చాపలు అల్లడం మొదలుపెట్టాడు. గట్టు మీద గేదెలు వస్తే అవతలివైపు దిగిపోతున్నాడని అమ్మ చెప్పింది. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. 

"నాన్నా, ముందు నుంచి చూశాను."

ఆయన చెయ్యి ఆపలేదు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు తెలుసు?"

"గట్టు మీద అడిగినప్పుడే. నా మీద గుడ్లురిమావు కదా, అప్పుడే తెలిసింది. వెనక నుంచే చూసుంటే ఆ మాటే చెప్పేవాడివి, అరిచేవాడివి కాదు."

"మరి చావడి దగ్గర ఎందుకు చెప్పలేదు? అందరి ముందూ ఒక్క మాట అనుంటే..."

"అంటే నీ పుస్తకం తప్పవుద్ది కదరా" అన్నాడు. తుంగపోచను పంటితో తెంపి, పక్కన పడేసి, ఇంకోటి తీసుకున్నాడు. "మా పేటలో కుర్చీలో కూర్చునేవాడివి నువ్వొక్కడివే. పుస్తకం తప్పైతే నిన్నుంచుతారా?"

నేను అక్కడ ఏడ్చాను. ఆయన ఏడవద్దని అనలేదు, ఓదార్చలేదు. చాప అంచు మడుస్తూ కూర్చున్నాడు.

కళ్ళు తుడుచుకుని తిన్నగా పెద్దింటి ఆసామి దగ్గరికి వెళ్ళాను. ఈసారి కూర్చోమనలేదు. వాకిట్లో నిలబడే అంతా చెప్పాను. తోలు సంగతి, కుడి ఎడమల సంగతి. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"ఆ రోజు నోటితో చెబితే నేను నమ్మలేదయ్యా. ఏలూరు వచ్చి రాతలో చూశాకే నమ్మాను. ఇప్పుడు కూడా రాతలో చూపించు. అది దిద్ది, కింద మీ పైఅధికారి సంతకం పెట్టించుకురా. నేనే మీ ఇంటి దాకా వచ్చి మంద అప్పగిస్తాను" అన్నాడు. అన్యాయమైన మాట కాదు. ఆయన్ని వేలెత్తి చూపడానికి నాకేమీ మిగలలేదు.

సోమవారం రిజిస్టరు తెరిచాను. 'కుడి' కొట్టేసి 'ఎడమ' అని రాయాలి. ఒక్క మాట. కాని రిజిస్టరులో దిద్దుబాటుకి కారణం రాయాలి, కారణం రాస్తే పైఅధికారి తోలు చూస్తాడు, తోలు చూస్తే చీటీ అడుగుతాడు. చీటీ చూస్తే నా ఉద్యోగం ఉండదు. కలం సిరాలో ముంచి చాలాసేపు కూర్చున్నాను. కొసన సిరా ఆరిపోయింది. మళ్ళీ ముంచాను. నా ఉద్యోగం పోకూడదనే కదా నాన్న నోరు మూసుకున్నాడు, ఇప్పుడు నేనే పోగొట్టుకుంటే ఆయన పడిందంతా ఏమైపోవాలి అనుకున్నాను. ఎంత బాగా కుదిరిందో చూడండి! ఆయన నా మీద చూపించిన ప్రేమే నా పిరికితనానికి సాకు అయ్యింది. తరువాతి పశువును కట్టారు. పేజీ తిప్పి, రంగు, కొమ్ములు, చెవులు రాయడం మొదలుపెట్టాను.

ఆ తోలు పదిరోజుల్లో మిగతావాటితో కలిసి రైలెక్కి వెళ్ళిపోయింది. ఆసామి ఒకటి రెండుసార్లు "తెచ్చావా?" అని అడిగి, తరువాత అడగడం మానేశాడు. అడగడం మానెయ్యడమంటే పాత మాటే ఖాయమని. నాన్న చనిపోయేదాకా చాపలే అల్లాడు. ఆయన చావుకి ఊళ్ళో ఒక్క ఆసామీ రాలేదు. దొంగ కాపరి కొడుకు మంచి ఉద్యోగం చేస్తున్నాడని మాత్రం చెప్పుకునేవారు. ఆ ఉద్యోగంలోనే పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని చదివించాను.

రిటైరైన రోజున పాత రిజిస్టర్లన్నీ అప్పగించాలి. బీరువాలోంచి ఆ పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. 'కుడి చెవి లేదు.' గుండ్రటి అక్షరాలు, బహుమతి తెచ్చిన చేతిరాత, చెక్కు చెదరలేదు. కలం జేబులోనే ఉంది. ఇప్పుడు దిద్దితే నన్నెవరూ ఏమీ చెయ్యరు. దిద్దినా కుడి ఏదో ఎడమ ఏదో తెలిసిన మనిషి చూడటానికి లేడు. పుస్తకం మూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని కింద సంతకం పెట్టి ఇచ్చేశాను.